ముందుకాళ్లు చాపి అడిగే అనుమతి

చిత్తకార్తె అక్టోబర్ రెండో వారంలో ప్రవేశిస్తుంది. ఊరకుక్కలు జతకట్టే కాలం అదేనని మన పల్లెల్లో అందరికీ తెలుసు. కుక్క చూలు సుమారు 63 రోజులు. ఆ లెక్కన ధనుర్మాసపు చలిలో, ఏ గడ్డివాము కిందో, కట్టడం ఆగిపోయిన ఏ ఇంటి మూలనో పిల్లలు పెడుతుంది. రెండు వారాలకు పిల్లల కళ్లు తెరుచుకుంటాయి. మూడు నాలుగు వారాలకు ఒకదాని మీద ఒకటి పడి దొర్లడం మొదలుపెడతాయి. అందుకే సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో ఎటు చూసినా కుక్కపిల్లల ఆటే కనిపిస్తుంది. తెల్లవారి చలికి మనం దుప్పటి లాక్కుంటున్న వేళకే అవి ఒకదాని చెవి ఒకటి పట్టుకుని లాగుతుంటాయి.

ఈ అధ్యాయం ఆ ఆట గురించి. ముఖ్యంగా ఆట మొదలవడానికి ముందు గడిచే ఒకటి రెండు క్షణాల గురించి. ఆ కాస్త సమయంలోనే కుక్క ఎదుటిదాన్ని ఒక మాట అడుగుతుంది, జవాబు కోసం ఆగుతుంది. అది చూడటం వచ్చినవారికి కుక్కంటే భయం తగ్గుతుంది, అవసరమైన జాగ్రత్త పెరుగుతుంది. మనుషులతో మసలుకునే తీరులోనూ కొంత మార్పు వస్తుందని నా నమ్మకం.

మదనపల్లె టమాటా మార్కెట్‌లో వేలంపాటలు ముగిసి, లారీలు కదిలాక, ఖాళీ క్రేట్ల వరుసల మధ్య కాస్త నీడ మిగులుతుంది. అక్కడ రెండు కుక్కలను చూశాను. ఒకటి గోధుమరంగుది, ఇంకోటి నల్లది. నల్లది క్రేట్ల వైపు మూతి పెట్టి ఏదో వాసన చూస్తోంది. గోధుమరంగుది దాని వెనక నిలబడి కాసేపు చూసింది. తర్వాత చుట్టూ తిరిగి దాని పక్కకు వెళ్లి, మూతితో భుజం మీద ఒక పోటు పొడిచింది. నల్లది తల తిప్పింది. అప్పుడు, కళ్లు కలిసిన తర్వాతే, గోధుమరంగుది ముందుకాళ్లు చాపి మోచేతులు నేలకు ఆనించింది. నడుము పైకే ఉంది. తోక మొదలంటా ఊగుతోంది. నోరు తెరిచి ఉంది, పెదవులు వదులుగా ఉన్నాయి, పళ్ల కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ భంగిమలో ఒక్క క్షణం బిగుసుకున్నట్టు ఆగింది. నల్లది కూడా ముందుకు వంగింది. ఆ వెంటనే రెండూ క్రేట్ల చుట్టూ పరుగు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ మూతిపోటు. ఎదుటిది చూడనప్పుడు వంగి లాభం లేదని ఆ కుక్కకు తెలుసు. ముందు దాని దృష్టిని తన వైపు తిప్పుకుంది, తర్వాతే అడిగింది. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు కుక్కల ఆటలను వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూసి, 2009లో ప్రచురించిన విషయం ఇదే. ఆటకు పిలిచే సైగలను కుక్కలు దాదాపు ఎప్పుడూ తమవైపు ముఖం ఉన్న కుక్కకే చేస్తాయి. అది అటు తిరిగి ఉంటే తాకడం, మొరగడం, చిన్నగా కొరకడం లాంటివి చేసి ముందు ఇటు తిప్పుకుంటాయి. ఎంత పరాకుగా ఉంటే అంత గట్టిగా పిలుస్తాయి. మనమో, ఆ పని చేయం. భార్య వంటింట్లో, భర్త టీవీ ముందు ఉండి ఒకరి ముఖం ఒకరు చూడకుండా మాట్లాడుకుని, తర్వాత ‘నేను చెప్పాను, నువ్వే వినలేదు’ అని వాదించుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

ఈ వంగడాన్ని జీవితమంతా పరిశీలించినవారిలో మార్క్ బెకాఫ్ ముఖ్యుడు. కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేసిన శాస్త్రవేత్త. కుక్కలు, తోడేళ్లు, అమెరికా అడవిజాతి అయిన కొయోటీలు, ఈ మూడింటి పిల్లల ఆటలనూ పోల్చి చూసి 1995లో ఆయన ఒక సంగతి చెప్పాడు. వంగడం ఆట మొదట్లో మాత్రమే జరగదు, మధ్యలోనూ జరుగుతుంది. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు. పట్టుకుని తల అటూ ఇటూ విదిలించే గట్టి కాటు ఒకటి ఉంటుంది. వేటలో, కొట్లాటలో వాడే కాటు అది. ఆటలో దాన్ని వాడేటప్పుడు కాస్త ముందో, వెనువెంటనేనో ఒకసారి వంగుతాయి. ‘ఇప్పుడు చేయబోయేది, చేసినది, కోపంతో కాదు’ అని చెప్పడం దాని పని. 2016లో వచ్చిన మరో అధ్యయనం, ఆడుతున్న కుక్కలు కాసేపు ఆగిపోయినప్పుడు మళ్లీ ఆటను నిలబెట్టడానికి ఎక్కువగా వంగుతాయని తేల్చింది. వంగేముందు రెండూ కదలకుండా ఉంటాయి, వంగిన తర్వాత రెండూ పరుగెత్తుతాయి. రెండు పరిశోధనలనూ కలిపి చూస్తే, కుక్క మాట ఒక్కసారి ఇచ్చి ఊరుకోదు. ఆట సాగినంతసేపూ ఆ మాటను మళ్లీ మళ్లీ ఇస్తూనే ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి మన సంగతి చూసుకుందాం. హాస్టల్‌లో కొత్తగా చేరిన కుర్రవాడిని నలుగురూ చేరి ఏడిపిస్తారు. పెళ్లి విడిదిలో కొత్త అల్లుణ్ణి బావమరదులు ఆట పట్టిస్తారు. ఆఫీసులో ఒకడి నడకనో, యాసనో అనుకరించి నవ్వుతారు. అవతలి మనిషి ముఖం మాడిపోతుంది. అప్పుడు వస్తుంది మన మాట: ‘ఊరికే తమాషాకన్నానప్పా, ఆ మాత్రానికే కోపమా?’ గాయం అయిన తర్వాత చెబుతున్నాం ఇది ఆట అని. కుక్క ఆ మాట ఆట మొదలుకాకముందే చెబుతుంది. చెప్పి, ఎదుటిది ఒప్పుకుందో లేదో కళ్లతో చూసుకుని, ఆ తర్వాతే ముందుకు దూకుతుంది. మనం హాస్యమాడే ముందు ఎదుటివారి ముఖం ఒక్కసారి చూసి, వాళ్లు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారో లేదో గమనిస్తే, సగం మనస్పర్థలు పుట్టవు. గట్టి మాట ఒకటి జారిందనిపిస్తే, ఎదుటివాడు అలిగేదాకా ఆగకుండా ఆ క్షణమే భుజం మీద చెయ్యి వేయడం కూడా నేర్చుకోదగ్గ పనే. ఈ పుస్తకంలో ఇంతకుముందు అధ్యాయాల్లో ఎదుటివారి మాట వినడం గురించి రాశాను. చూడటం దానికన్నా ముందు రావాలి.

పెద్ద కుక్క చిన్నదానితో ఆడేటప్పుడు గమనించండి. బలం ఉన్నది తన బలమంతా వాడదు. తనే వెల్లకిలా పడుతుంది, చిన్నది పైకెక్కి మెడ కొరుకుతుంటే ఊరుకుంటుంది, వెంటపడేటప్పుడు వేగం తగ్గించుకుంటుంది. మగ కుక్కపిల్లలు ఆడ కుక్కపిల్లలతో ఆడేటప్పుడు ఇలా తగ్గి ఆడటం అమెరికా పరిశోధకులు 2008లో నమోదు చేశారు. ఆటలో కుక్క వెల్లకిలా పడిందంటే ఓడిపోయి లొంగిపోయిందని అనుకోవడం కూడా సరికాదు. కెనడా పరిశోధకులు 2015లో ప్రచురించిన పరిశీలనలో, ఆటమధ్య పొర్లడాలు లొంగుబాటుగా కనిపించలేదు. మెడ మీద పడే కాటును తప్పించుకోవడానికో, కింద నుంచి ఎదురుకాటు వేయడానికో అవి వెల్లకిలా తిరుగుతున్నాయి. నేల మీద పడ్డది కూడా ఆటలోనే ఉంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఆటకూ కొట్లాటకూ తేడా మన కళ్లకు వెంటనే ఆనదు. రెండింట్లోనూ కోరలుంటాయి, గుర్రుమనడం ఉంటుంది, మీదపడటం ఉంటుంది. కుప్పంలో ఒక వీధిలో విన్న మాటలు ఇవి. వాకిట్లో రెండు కుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే మనవడు రాయి అందుకున్నాడు.

“అవ్వా, కొట్టుకుంటా ఉండాయి!”

“రాయి కింద పెట్రా నాయనా. కొట్టుకునేదాని ఒళ్లు కట్టెమాదిరి ఉంటాది. వాటి నడుము చూడు, ఎట్ల మెలికలు తిరగతా ఉందో. ఆడుకుంటా ఉండాయిలే.”

ఆ అవ్వ చెప్పినదానికన్నా మంచి గుర్తు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఒళ్లు బిగిసిందా, వదులుగా ఉందా? ఇదే మొదట చూడాల్సింది. ఆటలో ఉన్న కుక్క నేరుగా రాదు, వంపులు తిరుగుతూ, అవసరానికి మించి ఎగిరెగిరి వస్తుంది. నోరు తెరిచి ఉంటుంది. తరిమేది మారుతూ ఉంటుంది, ఇప్పుడు ఇది, ఇంకాసేపటికి అది. కొట్లాటకు సిద్ధమైనది నిదానంగా, నేరుగా, నిటారుగా కదులుతుంది. నోరు మూసుకుంటుంది. చూపు ఒకచోటే గుచ్చుకుంటుంది. మెడ మీద, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. వెంట్రుకలు ఒక్కోసారి ఉత్సాహానికి కూడా లేస్తాయి కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయానికి రావద్దు.

చాలామంది తోక దగ్గరే మోసపోతారు. తోక ఊపిందంటే స్నేహంగా ఉందనుకుంటారు. నిలువుగా పైకెత్తి, బిగించి, కొస మాత్రమే గబగబా ఆడించే తోక స్నేహం కాదు, హెచ్చరిక. నడుముతో సహా ఊగే తోక వేరు. కాళ్ల మధ్యకు ముడిచి, కొస మాత్రం ఆడించే తోకలో భయం ఉంది. భయపడిన కుక్క పారిపోయే దారి మూసుకుపోతే కరుస్తుంది. కుక్క పెదవులు నాక్కుంటున్నా, నిద్ర లేకపోయినా ఆవలిస్తున్నా, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తున్నా, ‘నన్ను కాస్త వదిలిపెట్టు’ అంటోందని తెలుసుకోండి.

ఇంట్లో రెండు కుక్కలున్నవారికి ఇంకో చిన్న పరీక్ష. ఆట ముదిరి, ఒకటి మరీ మీదపడుతోందని అనుమానం వస్తే, మీదపడే దాన్ని మెడపట్టీతో నెమ్మదిగా పట్టుకుని కాసేపు ఆపండి. కిందిది తిరిగి దాని దగ్గరకే వచ్చి వంగితే, అది ఆటే, వదిలేయండి. దులుపుకుని దూరంగా వెళ్లిపోతే దానికి చాలైందన్నమాట. వీధికుక్కల మీద ఈ పరీక్ష చేయకండి. వాటి మధ్యకు చెయ్యి పెట్టడం ప్రమాదం.

కుక్క తన జాతినే కాదు, పక్కవాళ్లనూ ఆటకు పిలుస్తుంది. పుంగనూరు పొట్టి జాతి ఆవులకు పేరుపడిన ఊరు. మూడడుగులైనా ఉండని ఆ ఆవుల దూడలు మామూలు ఊరకుక్క కన్నా ఎత్తులో పెద్ద తేడా ఉండవు. కొట్టం ముందు దూడ ఎదుట వంగి, ఎగిరి, వెనక్కి పరుగెత్తి మళ్లీ వచ్చి వంగే కుక్కను అక్కడ చూడవచ్చు. దూడకు ఆ భాష రాదు. అది తల దించి ఒక్క గెంతు గెంతుతుంది, కుక్కకు అంతే చాలు. తల్లి ఆవు ఒకసారి బుసకొట్టిందంటే మాత్రం వెంటనే తగ్గి పక్కకు పోతుంది. జవాబు ఏ భాషలో వచ్చినా, వద్దు అన్నది కుక్కకు అందుతుంది.

మరి మనం కుక్కను ఆటకు పిలవాలంటే? ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో రూనీ, బ్రాడ్‌షా, రాబిన్‌సన్ అనే పరిశోధకులు 2001లో ఇదే పరీక్షించారు. యజమాని కుక్కలాగే ముందుకు వంగినా, ఆటగా ముందుకు ఒక్క ఊపు ఊపినా కుక్కలు ఆటకు దిగాయి. దానికి గొంతు కూడా కలిపితే ఆట ఇంకా పెరిగింది. మీ పెంపుడు కుక్కతో ఇది ఈ సాయంత్రమే చేసి చూడవచ్చు. కానీ ముందు దాని పేరు పిలిచి, అది మీ వైపు చూసేదాకా ఆగండి. నిద్రలో ఉన్నదాన్ని, తింటున్నదాన్ని, పిల్లలకు పాలిస్తున్నదాన్ని ఆటకు పిలవకండి. వంగండి, చేతులు ముందుకు చాపండి, ఆగండి. అది వస్తే ఆడండి. కాసేపటికోసారి ఆపి, చేతులు వెనక్కి తీసుకుని చూడండి. మళ్లీ అది మీ దగ్గరకు వస్తేనే కొనసాగించండి. చేతివేళ్లను కొరికించి ఆడించడం మాత్రం కుక్కపిల్ల వయసులోనే మాన్పించండి. గుడ్డనో తాడునో ఇవ్వండి. రెండు నెలల వయసులో ముద్దుగా ఉన్న కొరుకుడు ఏడాదికి ముద్దుగా ఉండదు.

వీధికుక్క విషయం వేరు. దాన్ని మీరు పిలవకండి, అదే రానివ్వండి. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ల తరబడి వీధికుక్కల మీద పనిచేస్తోంది. 2020లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, 160 కుక్కల ముందు గిన్నెలు పెట్టి, ముక్కూ ముఖం తెలియని మనిషి వేలితో వాటిలో ఒకదాన్ని చూపిస్తే ఏం చేస్తాయో చూశారు. దగ్గరకు వచ్చినవాటిలో 80 శాతం దాకా చూపిన గిన్నె వైపే వెళ్లాయి. ఎవరూ నేర్పని కుక్కలు మన వేలిని చదవగలుగుతున్నాయి. కానీ దాదాపు సగం కుక్కలు దగ్గరకే రాలేదు. వాటిలో బెదురు ఎక్కువ. వీధిలో దెబ్బలు తిని పెరిగిన జీవికి మనిషి చెయ్యి ముందు భయాన్నే గుర్తు చేస్తుంది. కాబట్టి మీరు పక్కకు తిరిగి, కాస్త దూరంలో, కళ్లలోకి గుచ్చి చూడకుండా నిలబడండి. అది వచ్చి వాసన చూసి, ఒళ్లు వదులుగా పెట్టి అక్కడే ఉంటే సరే. తల మీదుగా చెయ్యి పోనివ్వకండి. వెళ్లిపోతే వెళ్లనివ్వండి.

పిల్లలకు ఇది తప్పనిసరిగా నేర్పాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ దుఃఖం తర్వాత కుక్కల ఆట గురించి రాయడం తేలిక కాదు. కానీ ఏ కుక్క ఆటలో ఉందో, ఏది బిగుసుకుని ఉందో పిల్లవాడికి చెప్పగలగడం కూడా వాడి ప్రాణాన్ని కాపాడే పనే అని నమ్మి రాస్తున్నాను. గుంపుగా ఉన్న కుక్కల దగ్గరకు పిల్లలను ఒంటరిగా పంపవద్దు. బిగుసుకుని చూసే కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, కేకలు పెట్టకూడదు. చేతులు దగ్గరగా పెట్టుకుని కదలకుండా నిలబడి, చూపు పక్కకు తిప్పి, అది వెళ్లాక నెమ్మదిగా వెనక్కి అడుగు వేయాలి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క పుట్టుకలోనే ఉంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పిల్లలున్న తల్లికుక్క దరిదాపులకు వెళ్లకూడదు. కుక్కపిల్లలు ఎంత ముద్దుగా పిలిచినా సరే.

ఆటలో గీరుకున్నా ఆలస్యం చేయవద్దు. కుక్కపిల్ల పన్ను గీరి రక్తం చెమ్మ కనిపించినా, ఆ కుక్కకు టీకా వేశారో లేదో తెలియనప్పుడు దాన్ని కాటుగానే లెక్కించాలి. పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడితే దాదాపు ఎవరూ బతకరు. సమయానికి టీకాలు వేయించుకుంటే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు. ఒకటి రెండు డోసులు వేయించుకుని, పుండు మానింది కదా అని ఆపేసేవాళ్లున్నారు. డాక్టరు రాసిన తేదీలన్నీ పూర్తి చేయండి.

మళ్లీ చూడటం సంగతికి వద్దాం. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ముందే పేరు పెట్టి, తీర్పు చెప్పి చూడటం చూపు కాదని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు. ఆయన ఆలోచనతో ఆ దగ్గర్లోనే వెలసిన రిషి వ్యాలీ బడి పక్షులను చూడటాన్ని చదువులో భాగం చేసింది. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో పల్లెబడుల పిల్లలు చేత్తో చేసి సైన్సు నేర్చుకుంటారు. ఈ చుట్టుపక్కల టీచర్లకు నాదొక విన్నపం. పక్షులకు బైనాక్యులర్ కావాలి, కుక్కలకు బడి గేటు చాలు. పిల్లలను లోపలే నిలబెట్టి, ఎదుటి వీధిలో ఆడే రెండు కుక్కలను చూడమనండి. ఎవరు వంగారు, వంగేముందు ఎటు చూశారు, ఎన్నిసార్లు ఆగారు, తరిమేది ఎప్పుడు మారింది, ఎవరు చాలించుకున్నారు, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయించండి. ‘మంచి కుక్క’, ‘చెడ్డ కుక్క’ అనే మాటలు ఆ పేజీలో రాకుండా చూడండి. వారం తిరిగేసరికి ఆ పిల్లల చూపు మారుతుంది.

ఇప్పుడు చెప్పవలసిన చివరి సంగతి. కోల్‌కతా బృందమే బెంగాల్లో 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లలను వెంటపడి గమనించి, 2016లో లెక్క చెప్పింది. ఈడు వచ్చేదాకా బతికినవి 19 శాతం. చనిపోయినవాటిలో 63 శాతం చావులకు ఏదో ఒక రకంగా మనుషులే కారణం, అందులో బండ్ల కింద పడినవీ ఉన్నాయి. ఆటలో మునిగిన పిల్లకు హారన్ వినిపించదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మీ వీధి మలుపులో బండి వేగం తగ్గించండి. మీ వాకిట్లో బతికి పెరిగిన కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించండి. జూలై 6న, సెప్టెంబర్ 28న చాలాచోట్ల ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు.